వానరోడ్డు – స్కూటరు టైరు

"మాది తడ. మావారు రోజూ స్కూటరు మీద శ్రీసిటీకి ఉద్యోగానికి వెళ్ళివస్తారు. ఆదివారాలు నన్ను వెనక కూర్చోబెట్టుకుని సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడికి తీసుకెళ్తారు. టైర్లు నున్నగా అరిగిపోయాయి. మార్చమంటే, 'యీ వానలు పోనీ, సంక్రాంతికి చూద్దాం' అంటారు. షాపతనేమో యెక్కువ కిలోమీటర్లు వచ్చే టైరే కొనమంటున్నాడు. యేం చెయ్యమంటారు?" అని ఒక సోదరి రాశారు.

మీవారి లెక్క తిరగబడిందమ్మా! మీ వైపు అసలు వానలు ఆషాఢ శ్రావణాలవి కావు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలవి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను మీ ప్రాంతాన్ని యెలా ముంచెత్తిందో గుర్తుండే వుంటుంది. సంక్రాంతి దాకా ఆగడమంటే తడి రోడ్డంతా అరిగిన టైరుతో తిరిగి, రోడ్డు ఆరాక కొత్తది కొనడమన్నమాట.

స్కూటరు టైరు నేలను తాకేది యించుమించు అరచేతి మేర మాత్రమే. దానికీ రోడ్డుకీ మధ్య నీరు చేరితే, ఆ నీటిని పక్కకి నెట్టేవి టైరు మీది గాళ్ళు. అవి అరిగిపోతే టైరు నీటి పొర మీద తేలిపోతుంది. అప్పుడు బ్రేకు నొక్కినా బండి మాట వినదు.

టైరు పక్కన 'టి.డబ్ల్యు.ఐ.' అనే చిన్న అక్షరాలుంటాయి. వాటికి యెదురుగా గాడిలోకి చూడండి. చిన్న రబ్బరు గట్టు కనిపిస్తుంది. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైతే దాని ఆయుష్షు తీరినట్టే. వానాకాలంలో అంతదాకా కూడా ఆగకూడదు.

యిక షాపతని మాట. గట్టి రబ్బరు చాలాకాలం మన్నుతుంది, నిజమే. కాని తడిలో పట్టు దొరికేది కాస్త మెత్తని రబ్బరుకి. యీ రోజుల్లో రబ్బరులో సిలికా కలిపి తడిలో పట్టు పెంచుతున్నారు. కనుక "యెన్నాళ్ళు వస్తుంది?" అని కాక, "తడిలో యెలా ఆగుతుంది?" అని అడగండి.

కొనేటప్పుడు చూసుకోవలసినవి:

కొలత: 90/100–10 అంటే వెడల్పు 90 మిల్లీమీటర్లు, యెత్తు వెడల్పులో నూటికి నూరు పాళ్ళు, చక్రం వ్యాసం 10 అంగుళాలు. మీ బండికి కంపెనీ చెప్పిన కొలతే తీసుకోండి.

వయస్సు: టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 3524 అంటే 2024లో 35వ వారం తయారైందని. యేళ్ళ తరబడి మూలపడిన సరుకు వద్దు.

బాణం గుర్తు: చక్రం తిరిగే దిక్కుకే వుండాలి. తలకిందులైతే గాళ్ళు నీటిని సరిగ్గా నెట్టలేవు.

ముందు టైరు: వెనకది మార్చి వూరుకోకండి. బ్రేకు భారంలో యెక్కువ పాలు ముందు చక్రానిదే. అది జారితే బండిని నిలబెట్టుకోవడం చాలా కష్టం.

గాలి తగ్గిస్తే వానలో పట్టు పెరుగుతుందని కొందరనుకుంటారు. అది పొరపాటు. గాలి తగ్గిన టైరు నీటిని బలంగా నెట్టలేదు. బండి నడపకముందు, టైరు చల్లగా వున్నప్పుడు, వారానికొకసారి గాలి చూపించండి. మీరు వెనక కూర్చునే రోజున యెంత వుండాలో కూడా బండితో యిచ్చిన పుస్తకంలో వుంటుంది.

కొత్త టైరు పైన కొంచెం నునుపుగా వుంటుంది. మొదటి వంద కిలోమీటర్లు నెమ్మదిగా నడపమనండి. మంచి టైరున్నా తొలి చినుకుల్లో రోడ్డు మీద తేలే నూనె, తెల్ల రంగు పట్టీలు, రైలు గేటు దగ్గర పట్టాలు జారేవే. అక్కడ హఠాత్తుగా బ్రేకు వేయకూడదు.

మీకు దగ్గర్లోనే, వరదయ్యపాళెం మండలం చినపండూరులో, 2020 నుంచి అపోలో వారి టైర్ల ఫ్యాక్టరీ నడుస్తోంది. టైర్లు తయారయ్యే చోట వుండి, నున్నటి టైరుతో తిరగడమేమిటి?

టైరుకి పెట్టే డబ్బు యెక్కువనిపించవచ్చు. విరిగిన కాలికి కట్టు కట్టించే ఖర్చు ముందు అదెంత? చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. దసరాకి ఆయుధపూజ చేసి బండికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కిస్తారు కదా. ఆ నిమ్మకాయ పెట్టేముందు మీవారిని ఒక్కసారి వంగి, దాన్ని తొక్కబోయే టైరుని చూడమనండి!