మినీ మాల్దీవుల కింద మా అవ్వ పుట్టినూరు

ఈమధ్య తెలుగులో వస్తున్న సాహసయాత్రల వ్యాసాలు వరసబెట్టి చదివాను. ఐస్‌లాండ్‌లో మంచు మీద నడక, న్యూజిలాండ్‌లో బంజీ, కిలిమంజారో. వచనం బాగానే ఉంటోంది. కానీ ఏది చదివినా, రాసినవాళ్ళ గుండె ఎంత వేగంగా కొట్టుకుందో తెలుస్తోంది గానీ అక్కడి మనుషులు ఏం చేసుకుని బతుకుతారో తెలియట్లేదు. నాకిది నచ్చలేదు. ఎందుకో చెప్పాలంటే ఒకసారి మా ఊరి వైపు రావాలి.

మాది జూపాడు బంగ్లా. శ్రీశైలం నీళ్ళు రాయలసీమకీ, చెన్నైకీ బయల్దేరే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ మా మండలంలోనే ఉంది. అవే నీళ్ళు, పైన కృష్ణ అవతలి ఒడ్డున సోమశిల దగ్గర, ఇప్పుడు ‘మినీ మాల్దీవులు’. శనివారం హైదరాబాదులో బయల్దేరి, టెంట్ వేసుకుని, పడవెక్కి, రీల్ తీసుకుని ఆదివారం రాత్రికి ఇంటికి. మా టీమ్‌లో కుర్రాడొకడు అలాంటి రీల్ చూపించి, “బ్రో, మీ ఏరియానే కదా, ఇంత బాగుంటుందని ఎప్పుడూ చెప్పలేదే!” అన్నాడు.

ఏం చెప్పను? ఆ నీళ్ళ కింద మా అవ్వ పుట్టినూరు ఉంది. శ్రీశైలం ప్రాజెక్టుకి నెహ్రూ 1963లో శంకుస్థాపన చేశాడు. 1981లో ఊళ్ళు ఖాళీ అయ్యాయి. రెండు ఒడ్డులా కలిపి దాదాపు వంద ఊళ్ళు మునిగాయి. ముంపు కుటుంబాలకి ఉద్యోగాలిస్తామంటూ 1986లో జీవో 98 వచ్చింది. దాన్ని అమలు చెయ్యమని దశాబ్దాల పాటు ధర్నాలు జరిగాయి. ఇదేదీ రీల్‌లో పట్టదు. పోనీ, రీల్ అంతే అనుకుందాం. రెండు వేల పదాల వ్యాసంలో కూడా పట్టదా?

ఎండాకాలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. వేపమొద్దు శివలింగానికి మళ్ళీ పూజలు మొదలవుతాయి. ఓపిక ఉన్నన్నాళ్ళూ అవ్వ అక్కడికి పోయేది. దండం పెట్టుకుని, బురదలో నిలబడి, నీళ్ళ వైపు చెయ్యి చూపించేది: “అదో, ఆడుండె మా ఇల్లు.” నాకు నీళ్ళు తప్ప ఏమీ కనబడేది కాదు.

అసలు మాల్దీవులే సముద్రం పెరిగి ఎప్పుడు మునుగుతామో అని భయపడుతున్న దేశం. మునిగిపోయిన మా ఊళ్ళకి ఆ దేశం పేరు పెట్టినవాళ్ళకి రెండూ తెలియవన్నమాట. గండికోటని ‘గ్రాండ్ కాన్యన్ ఆఫ్ ఇండియా’ అనడం కూడా ఈ బాపతే. ఇంకో చోటి పేరు తగిలించాక ఈ చోటి గురించి తెలుసుకోవాల్సిన పని ఉండదు.

“నువ్వేం తక్కువ తిన్నావా?” అంటారు. నిజమే, రిషికేశ్‌లో డబ్బులు కట్టి 83 మీటర్ల ఎత్తు నుంచి దూకాను. కేకలు పెట్టాను, బాగుంది. సరదా మీద నాకు కోపం లేదు. ‘సాహసం’ అన్న మాటని మనం ఎవరికి వాడుతున్నాం అన్నదే నా గొడవ. తెల్లవారకముందే పుట్టి వేసుకుని చేపలకి పోయేవాడిది ‘పని’. లైఫ్‌జాకెట్ వేసుకుని అరగంట అదే నీళ్ళలో తిరిగినవాడిది ‘సాహసం’. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలో మంచుచరియ పడి చనిపోయిన 16 మందీ నేపాలీలే, ఇతరుల యాత్రల కోసం పనిచేస్తున్నవాళ్ళే. శిఖరం మీద ఫోటోలు మాత్రం డబ్బు కట్టినవాళ్ళవి.

తెలుగులో యాత్రా రచన ఇలా మొదలవలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, అహోబిలం, ఆత్మకూరు మీదుగా మా నల్లమలలోకే వచ్చాడు. వాహనాలూ పరివారమూ ఉన్న పెద్దమనిషే. అయినా ఏ మజిలీలో నీళ్ళున్నాయి, ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయి, శ్రీశైలంలో యాత్రికుల దగ్గర కందనూరు నవాబు ఎంత పన్ను వసూలు చేస్తున్నాడు అన్నీ రాసిపెట్టాడు. ఆయన పుస్తకంలో ఆయనకంటే దారి ఎక్కువ కనిపిస్తుంది. రెండు వందల ఏళ్ళ తర్వాత, జేబులో జీపీఎస్ పెట్టుకుని, మనం మన గురించే రాసుకుంటున్నాం.

సోమశిల పోవద్దని నేననను. పోండి, పడవెక్కండి, వచ్చి రాయండి. కాకపోతే ఫోన్ తీసే ముందు ఆ పడవ నడిపే అన్నని, ఈ నీళ్ళ కింద ఏ ఊరుందని అడగండి. ఆయన చెప్పిన పేరు వ్యాసంలో రాయండి.