మూకుటిలో మామిడికాయ, పందిమాంసము

సాయంకాలము దీపము పెట్టిన పిదప పొయ్యి ముట్టించి, అరగంటలో వడ్డింపదగిన మాంసపు కూర యొకటి తెలుపుడని సోదరీమణులు కొందఱు మమ్ము కోరుచున్నారు. కోరుట న్యాయమే. మా చందుర్తి చుట్టుప్రక్కల స్త్రీలు పగలెల్ల చాటలో ఆకును తంబాకును పెట్టుకొని బీడీలు చుట్టుదురు; నాట్ల దినములలో మోకాలిబంటి బురదలో నుందురు. పెక్కిండ్ల మగవారు గల్ఫు దేశములలో నుండుటచే అంగడికి పోవుటయు, పిల్లల బడి సంగతియు, బ్యాంకు పనియు వీరిమీదనే పడినవి. అట్టి యిల్లాలిని రెండు గంటలు కూర యుడికింపుమనుట వంట చెప్పుట యగునా, శిక్ష విధించుట యగునా? కావున ఈ మాసము మూకుటిలో త్వరగా నగు మామిడికాయ పందిమాంసమును గూర్చి వ్రాయుచున్నాము. అయితే ఆ త్వర కత్తియొద్ద చూపవలసినదే గాని పొయ్యియొద్ద చూపవలసినది కాదు. కారణము క్రింద చెప్పెదము.

పందిమాంసమను మాట కంటబడగానే పుట త్రిప్పివేయు సోదరీమణులు గలరని మేమెఱుగుదుము. ఎవరి యాచారము వారిది. తినుమని మేమెవ్వరిని నిర్బంధింపము. కాని యది హీనమైన యాహారమను మాట మాత్రము శాస్త్రము తెలిసి యన్నది కాదు. చరకసంహిత సూత్రస్థానమున అన్నపానములను చెప్పుచోట, వరాహమాంసము బలము నిచ్చుననియు, దేహమునకు పుష్టి గూర్చుననియు, శ్రమను పోగొట్టుననియు, రుచి పుట్టించుననియు చెప్పి, అరుగుటకు బరువైనదనియు చేర్చినారు. శ్రమను పోగొట్టు గుణము నాట్లు వేసి వచ్చిన స్త్రీకి గాక మఱెవరికి కావలెను? కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమునందు, వరాహమును తెల్లని గుడ్డతో కప్పి మరుగునీరు పోసి వెండ్రుకలు తీయు విధానము సయితము వర్ణింపబడినది. మా వేములవాడ ప్రాంతము ఒకప్పుడు ఆ చాళుక్యుల యేలుబడిలోనిదే. సింహాసనమున కూర్చున్నవాడే వంటలు వ్రాసియుండగా పత్రికలో వ్రాయుటకు మనకు సిగ్గేల?

మాంసమునకు పండు తోడేమి యని కొందఱకు వింతగా తోచవచ్చును. గోంగూరతోను చింతచిగురుతోను మాంసము వండుకొను మనకు ఇది వింత కారాదు. పందిమాంసమున కొవ్వు హెచ్చు. ఆ కొవ్వు నాలుకమీద పొరవలె నిలిచి నాలుగవ ముద్దకే మొగము మొత్తించును. పులుపు తగిలినచో ఆ జిడ్డు విఱిగి నోరు తేటపడును. కొడగు దేశమువారు పందికూరలో కాచంపులి యను నల్లని పులుసు వేయుదురు. అది ఆ కొండలలో కాయు ఒక పుల్లని పండు రసమును చిక్కగా కాచి తీసినది. ఐరోపాలో ఆపిలుపండ్లను, చీనాలోని కాంటను ప్రాంతమున అనాసను జోడింతురు. మనకు మామిడి యుండగా ఆపిలుకై డబ్బు పోయనేల? జగిత్యాల తోటల మామిడి వేసవిలో చెల్గల్ మార్కెట్టునుండి లారీలకొలది ఉత్తరాదికి పోవుచుండును. అందులో రెండు కాయలు మన మూకుటికి తీసికొన్న తక్కువ పడదు.

పచ్చికాయ కాదు, మాగిన పండును కాదు, దోరకాయ కావలెను: కోసిన లోపల పసుపు తిరిగి, నోట వేసిన పులుపుతో కొంచెము తీపి తగులునట్టిది. మామిడి లేని చలికాలమున దోరజామకాయ మంచిది. గింజలు తీసివేసి, చివర నిమ్మరసము చెంచాడు పిండవలెను. అనాసయు బాగుండును గాని దానియందు మాంసమును మెత్తబఱచు పదార్థమొకటి గలదు; పచ్చి అనాసలో మాంసమును నానవేసి మఱచినచో పిండి పిండి యగును. సీతాఫలమును మాత్రము ఈ వంటకు దగ్గఱకు రానీయకుడు. వేడి తగిలిన చేదెక్కును.

నలుగురికి అరకిలో మాంసము చాలును. త్వరగా నగు వంటకు వీపుకండ శ్రేష్ఠము, తొడకండ తరువాతిది. ఎముకలతో కూడినదియు, పొట్టక్రింది పొరల మాంసమును నిదానముగా నుడుకవలసినవి, అవి ఆదివారమునకు. ఊర తిరుగాడు పందికంటె కొట్టములో కట్టి మేపిన సీమపంది మాంసము నమ్మదగినది. కొనునప్పుడు కండను విప్పి చూడుడు. నారల నడుమ బఠాణీగింజ పాటి తెల్లని నీటిపొక్కులు కానవచ్చినచో, సగము ధరకిచ్చెదనన్నను వదలి రండు. అవి బద్దెపురుగు పిల్లలు.

ఈ పురుగును గూర్చి రెండు వేఱు వేఱు సంగతులను జనులు కలిపివేయుచున్నారు. పొక్కులుగల మాంసమును సరిగా ఉడికింపక తిన్నచో కడుపులో బద్దెపురుగు పెరుగును, ఇది మొదటిది. అట్లు పురుగుగల మనుష్యుని మలముతో దాని గ్రుడ్లు బయటపడును. అవి కడుగని చేతులనుండియో, ఆకుకూరలమీదినుండియో, త్రాగునీటినుండియో మఱియొకరి కడుపు చేరినచో, పిల్లలు నెత్తురులో కలిసి మెదడునకు పోయి తిత్తులు కట్టి మూర్ఛలు పుట్టించును. ఇది రెండవది, భయంకరమైనది. ఈ పురుగు వ్యాపించిన పెక్కు ప్రదేశములలో మూర్ఛరోగులలో నూటికి 30 మందికి ఇదియే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. పందిమాంసము జన్మలో ముట్టనివారికిని ఈ రోగము రావచ్చును. పుట త్రిప్పదలచిన సోదరీమణులు ఈ నాలుగు పంక్తులు చదివి త్రిప్పుదురు గాక. మరుగుదొడ్డియు, సబ్బును, కూరాకును పలుమాఱు కడుగుటయు దీనికి కట్టుబాట్లు. మూర్ఛ వచ్చిన బిడ్డకు చేత తాళపుచెవులు పెట్టి, గాలి సోకినదని మంత్రగానికొఱకు పరుగెత్తుట మన పల్లెలలో నింకను పోలేదు. వైద్యునికి చూపుడు, దీనికి మందులు గలవు.

పులుపు తగిలినను, ఉప్పు పట్టించినను, ఫ్రిజ్జులో చల్లగా నుంచినను ఈ పురుగు చచ్చునని నమ్మరాదు. వేడియే దానికి శత్రువు. మాంసము నడుమవఱకు 70 డిగ్రీల వేడి తగులవలెనని పెద్దలు నిర్ణయించినారు. పెద్దముక్కకు ఆ వేడి పాకుటకు చాలసేపు పట్టును, పలుచని చీలికకు కొన్ని నిమిషములు చాలును. ఈ వంటలోని త్వర యంతయు నిందే యున్నది.

మొదట మామిడికాయను, రెండు ఉల్లిగడ్డలను తరిగి వేఱుగా నుంచుకొనుడు. మాంసము కోసిన కత్తితో వానిని ముట్టరాదు. మామిడికాయ చెక్కు తీసి వ్రేలిమందము ముక్కలుగా కోయవలెను. పిదప మాంసమును నారకు అడ్డముగా, పావు అంగుళము మందమున, చిటికెనవ్రేలి పొడవు చీలికలు చేయుడు. నార వెంబడి కోసినచో ఎంత యుడికినను పంటిక్రింద సాగును. దుకాణమువాడు గొడ్డలితో ముక్కలు కొట్టి యిచ్చెదనన్న ఒప్పుకొనక ఒకే కండగా తెచ్చుకొనుడు. చీలికలకు చెంచాడు ఉప్పు, అరచెంచా పసుపు, రెండు చెంచాల అల్లము వెల్లుల్లి ముద్ద పట్టించి, కత్తిని చేతులను సబ్బుతో కడిగికొని, ప్రక్కపొయ్యిమీద బియ్యము పెట్టుడు.

మూకుడు బాగుగా కాగవలెను. నీటిబొట్టు వేసిన చిందులాడవలెను. చెంచాడు నూనె చాలును, కొవ్వు తానే కరగివచ్చును. మాంసమునంతయు నొక్కమాఱు కుమ్మరించినచో మూకుడు చల్లబడి, మాంసము నీరు విడిచి, వేగుటకు మాఱు ఆ నీటిలో తేలుచుండును. కావున రెండు వాయిలుగా, ఒక్కొక్కటి నాలుగు నిమిషములు, అంచులు ఎఱ్ఱబాఱువఱకు వేయించి తీయుడు. ఆ కొవ్వులోనే ఉల్లియు, నాలుగు పచ్చిమిరపకాయలును మగ్గనిచ్చి, ఒకటిన్నర చెంచా కారము, రెండు చెంచాల ధనియాలపొడి, అరచెంచా మిరియాలపొడి వేసి, మాంసమును మరల చేర్చి, అర గ్లాసు నీరు పోసి మూత పెట్టుడు. సన్నని సెగమీద పది నిమిషములు ఉడుకవలెను.

మామిడిముక్కలు అప్పుడు వేయవలెను, ముందుగా కాదు. ముందు వేసినచో ముక్కలు కరగి గుజ్జగును. అంతకంటె పెద్ద చిక్కొకటి గలదు: పులుపు సోకిన మాంసము ఉడుకకయే తెల్లబాఱి, ఉడికినదని కంటిని మోసగించును. మామిడి వేసిన పిదప ఐదు నిమిషములు చాలును. దింపుటకు ముందు అన్నిటికంటె లావైన చీలికను తీసి నడుమకు చీల్చి చూడుడు. ఎఱ్ఱదనము గాని, ఎఱ్ఱని రసము గాని యున్నచో మరల మూత పెట్టుడు. పులుపు హెచ్చైన సుపారి పాటి బెల్లము వేయవచ్చును. మా వారు గడియారము ముందు పెట్టుకొని కూర్చుండి, బియ్యము కడుగుట మొదలు 35 నిమిషములని తేల్చిరి. అరగంట యంటిరి గదా యని లెక్కల మేష్టరు పట్టుకొన్నను ఆ ఐదు నిమిషములు మేము తగ్గింపము.

ఇనుప మూకుటిలో వండినచో కూర కొంచెము నల్లబడును. భయపడవలదు; పులుపునకు ఇనుము కొంత దిగివచ్చును. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో సగముకంటె నెక్కువమందికి రక్తహీనత కానవచ్చినది. ఆ లోటు ఒక్క మూకుటితో తీఱునని మేమనము గాని, వచ్చినదానిని కాదనుట యేల? కూరను మాత్రము అందులోనే రాత్రి యంతయు నుంచరాదు, లోహపు కసరు పట్టును. దింపిన వెంటనే గిన్నెలోనికి మార్చుడు. మగవారికి, పిల్లలకు పెట్టి అడుగున మిగిలిన పులుసుతో తాను తినుట యిల్లాలికి ధర్మమని యే స్మృతియు చెప్పలేదు. మెత్తని ముక్కలు నాలుగు ముందుగనే తనకై తీసిపెట్టుకొనవలెను.

వేడియన్నముతో బాగుండును, జొన్నరొట్టెతో ఇంకను బాగుండును. పందిమాంసము తిననివారు కోడికండతో ఇట్లే చేయవచ్చును. శాకాహారులు మీల్‌మేకరును వేడినీట నానవేసి పిండి, మాంసమునకు మాఱుగా వేసికొని, నూనె మాత్రము మఱి రెండు చెంచాలు కలుపుకొందురు గాక. మిగిలిన కూరను మూతపెట్టి చల్లని చోటనుంచి, మరునాడు ఉదయము పొగలు వచ్చువఱకు కాచి, మక్కరొట్టెతో పెట్టుడు. అప్పటికి మామిడి పులుపు కారములో కలిసి, మొదటినాటికంటె రుచి హెచ్చియుండును.