డిక్లరేషన్ కింద ఎవరి పేరు?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, హాస్టల్ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాం. నీళ్ళచారు, వార్డెన్ గారి విజిలు, స్నానాల దగ్గర బకెట్ల వరస ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి కాబట్టి ఈసారి వాటిని వదిలేశాం. ఈ ఏడాది మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాకు పంపిన రెజ్యూమెల గురించి చెప్పదలిచాం. మాట కాస్త కటువుగా ఉంటే మన్నించండి.

మేమంతా ఈ హాస్టల్లో తిని, ఈ స్టడీ హాల్లో చదివి, ఇప్పుడు హైదరాబాదులోనూ బెంగళూరులోనూ ఐటీ సపోర్టు పనిలో ఉన్నవాళ్ళం. పెద్ద హోదా ఏమీ కాదు. ఎవరి కంప్యూటరు తెరుచుకోకపోయినా, ఎవరు పాస్‌వర్డ్ మరిచిపోయినా, ప్రింటరు కాగితం మింగినా మాకు ఫోన్ వస్తుంది. కానీ బీఎస్సీ కంప్యూటర్స్, డిప్లొమా చదివి, కోడింగ్ పరీక్షల్లో నెగ్గలేకపోయినవాళ్ళకు మొదట తెరుచుకునే తలుపు ఇదే. అందుకే ఈ కాగితం మీద మాకింత పట్టింపు.

మాకు వచ్చిన రెజ్యూమెలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. పైన కెరీర్ ఆబ్జెక్టివ్ అని మూడు లైన్ల ఇంగ్లీషు. నెట్ సెంటర్ కంప్యూటర్లో ఎప్పటినుంచో ఉన్న ఫైలు అది, ఒక్క అక్షరం మారలేదు. ఒక తమ్ముడిదానిలో పైన పేరు మారింది గానీ, కింద డిక్లరేషన్‌లో అంతకుముందు వచ్చిన అబ్బాయి పేరే ఉండిపోయింది! తండ్రి పేరు, మతం, పెళ్ళయిందా లేదా, హాబీలు క్రికెట్టూ పాటలూ. నైపుణ్యాల దగ్గర విండోస్ ఎక్స్‌పీ. దాన్ని మైక్రోసాఫ్ట్ 2014లోనే వదిలేసింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ముగిసిపోయింది. సపోర్టు ఉద్యోగం అడిగేవాడికి ఈ సంగతి తెలియకపోతే ఎలా?

డిక్లరేషన్‌లో వేరే పేరున్న ఆ తమ్ముడికే ఫోన్ చేశాం. హాస్టల్లో ఎప్పుడైనా కంప్యూటరు బాగుచేశావా అని అడిగాం.

"బాగుచెయ్యడం అంటే అదేం కాదన్నయ్యా. ఆఫీసు రూములో సిస్టం ఆన్ అయ్యేది కాదు, బీప్ కొట్టేది. ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెట్టాను. వచ్చేసింది."

ఇంకా?

"స్కాలర్‌షిప్పులప్పుడు పిల్లలకి అప్లికేషన్లు పెట్టాను. బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు కానోళ్ళవి ఆగిపోయేవి. ఆ పేర్లన్నీ నోట్సులో రాసుకుని, అయినవి కొట్టేసుకుంటూ వచ్చాను. నలభై మంది పైనే ఉంటారు."

ఓరి తమ్ముడూ, మేం జీతం తీసుకుని చేసేది అదే కదా! నువ్వు నోట్సులో రాసుకున్న పేరును మా ఆఫీసులో టికెట్ అంటారు. కొట్టేయడాన్ని టికెట్ క్లోజ్ చేయడం అంటారు. ఆ నోట్సు సంగతి రెజ్యూమెలో ఒక్క ముక్క లేదు, క్రికెట్ ఉంది.

1480లలో లియొనార్డో డావిన్సీ మిలాన్ ప్రభువుకు కొలువు కోరుతూ రాసిన ఉత్తరం ఉంది. వంతెనలు కడతాను, కోటలు పడగొట్టే యంత్రాలు చేస్తాను అంటూ ఆ ప్రభువుకు పనికొచ్చేవన్నీ ముందు చెప్పి, బొమ్మలు వేస్తానన్న మాట చివరికి పెట్టాడు. అంతటివాడే అవతలివాడికి ఏం కావాలో చూసుకుని రాశాడు. మనమూ అంతే. ఏ సమస్య వచ్చింది, ఏం చూశావు, ఏం చేశావు, ఎంతమందికి పనికొచ్చింది అన్నది తేలిక ఇంగ్లీషులో రెండు లైన్లు రాస్తే ఇంటర్వ్యూలో అక్కడినుంచే అడుగుతారు. నెట్ రావడం లేదంటే ముందు ఏం చూస్తావంటారు. కేబులు, వైఫై చూసి, ఐపీ అడ్రసు 169.254తో మొదలైందంటే రూటరు నుంచి అడ్రసు అందలేదని చెప్పగలిగితే, గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్ అని వేరే రాసుకోనక్కర్లేదు.

మరి ఇంత చేసినవాడు ఎందుకు రాయలేదు? అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సోషల్ వెల్ఫేర్ హాస్టల్ అని రాస్తే తెలిసిపోద్ది కదన్నయ్యా" అన్నాడు.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు ఒకే రకం చదువుతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపి చూశారు. పైకులం పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులేనని 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రకటించారు. ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ అడగడం కంపెనీ మేనేజర్లకు ఎంత మామూలో అదే ఏడాది జోధ్కా, న్యూమన్‌లు రాశారు. మన జిల్లాకు అంబేద్కర్ గారి పేరు పెడతామన్నందుకు 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో మనందరికీ తెలుసు. ఇప్పటికీ అడ్రసులో తూర్పుగోదావరి అనే రాస్తున్నవాళ్ళు మనలో ఉన్నారు. పాత సర్టిఫికెట్లలో అలాగే ఉందంటారు. అదొక్కటే కారణం కాదని వాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు.

ఇక్కడ మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. ప్రభుత్వ విద్యార్థి వసతిగృహం అని రాస్తే సరిపోతుందని కొందరు. పూర్తి పేరు రాయాల్సిందేనని మాలో ఎక్కువమంది. ఏది రాసినా అక్కడ చేసిన పని మాత్రం వదలొద్దు, దాన్ని దాస్తే ఆ కాగితంలో మనకంటూ ఏమీ మిగలదు. మతం, కులం, తండ్రి ఉద్యోగం రెజ్యూమెలో అవసరం లేదు, తీసేయండి. ఊరు, ఫోను, ఈమెయిలు చాలు. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం నాన్న కొబ్బరి దింపు తీస్తాడని, అమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తోందని తల దించకుండా చెప్పండి.

దాచేది ఒక తప్పయితే, లేనిది రాసేది ఇంకో తప్పు. మాలో ఒకడు అమీర్‌పేటలో రెండేళ్ళ దొంగ అనుభవం కొన్నాడు. వాళ్ళమ్మ కువైట్ నుంచి పంపిన డబ్బే కన్సల్టెన్సీకి కట్టాడు. ఉద్యోగం వచ్చింది, ఐదో నెలలో పోయింది. 2014 నుంచి పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు ఉంది, ఎక్కడ ఎన్నాళ్ళు చేశామో అందులో కనపడుతుంది. ఆ రెండేళ్ళు అందులో లేవు. కంపెనీని అనడానికేం లేదు, తప్పు మావాడిదే. మళ్ళీ ఫ్రెషర్‌గా మొదలుపెట్టాడు. అమ్మకు మాత్రం కంపెనీ మారానని చెప్పాడు. ఇది రాయడానికి తనే ఒప్పుకున్నాడు.

వార్డెన్ గారికి ఒక మనవి. ఆఫీసు కంప్యూటరు చూసిపెట్టే పిల్లలకు, అప్లికేషన్లు పెట్టే పిల్లలకు ఏం చేశారో, ఎన్నాళ్ళు చేశారో రాసి సంతకం పెట్టి ఇవ్వండి.

సంక్రాంతికి మేము ఊళ్ళకు వస్తాం. కనుమ మర్నాడు పొద్దున్న స్టడీ హాల్లో రెండు ల్యాప్‌టాప్‌లతో కూర్చుంటాం. రెజ్యూమె ఒక్క పేజీ రాసి తెచ్చుకోండి. నెట్ సెంటర్ ఫైలు వద్దు, తెల్లకాగితం మీద తెలుగులో రాసినా సరే, ఇంగ్లీషు చేసే పని మాది. కింద సంతకం దగ్గర మాత్రం ఎవరి పేరుందో ఒకసారి చూసుకుని రండి.