తొక్కించిన సైలెన్సర్ చోట ఏం బిగిస్తున్నారు?

(అనంతపురం జిల్లా బండ్ల యజమానులకు, మెకానిక్కులకు, అధికారులకు)

మోత సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి, రోడ్డు రోలర్‌తో తొక్కించడం విశాఖపట్నంలో జరిగింది, మరికొన్ని నగరాల్లోనూ జరిగింది. టీవీలో చూడ్డానికి బాగానే ఉంటుంది. ఆ బండ్లకు తర్వాత ఏ సైలెన్సర్ బిగించారన్నది మాత్రం ఆ దృశ్యంలో ఉండదు. అనంతపురం అడగాల్సిన ప్రశ్న అదే.

చట్టానికి లోటు లేదు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరి బండి నడిపితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, లేదా రెండూ; 3 నెలలు లైసెన్సుకు అనర్హత. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఆసుపత్రికి 100 మీటర్ల లోపు పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదంటాయి. సర్వజన ఆసుపత్రి దారిలో లోపలి అరలు పీకేసిన బుల్లెట్ ఒక్కటి పోయినా ఆ లెక్క గాల్లో కలుస్తుంది. పైగా 190(2) పట్టుకునేది బండి నడిపినవాణ్ణి, నడపనిచ్చినవాణ్ణి. ఇండోరి, పంజాబ్ అంటూ పేర్లు పెట్టి ఆ గొట్టాలు అమ్మిన దుకాణం జోలికి ఆ సెక్షన్ పోదు.

మోత చేసే బండ్లన్నీ కుర్రాళ్ల సరదావి కావు. వాన తక్కువ పడే ఈ కరువు నేల మీద కూడా సైలెన్సర్లు తుప్పు పడతాయి. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి మరి! దూరం పోయే బండిలో ఆ ఆవిరి వేడికి బయటికి పోతుంది. తెల్లారి పాల కేంద్రం దాకా, అక్కణ్ణుంచి చేనికి, చేని నుంచి ఇంటికి తిరిగే బండి సరిగా వేడెక్కక ముందే ఆగిపోతుంది. ఆవిరి లోపలే నీరై రేకును తినేస్తుంది. పైన క్రోమ్ పూత నిగనిగలాడుతుండగానే అడుగున చిల్లు పడుతుంది.

చిల్లు పడ్డాక రైతుకు ధర అడ్డొస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లనే అమ్మాలి. వాటి పొగగొట్టంలోనే విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. అందులో ప్లాటినం జాతి లోహాల పూత ఉంటుంది కాబట్టి కంపెనీ సామాను ఖరీదు. శనక్కాయ పంట పోయిన ఏడు ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? వెల్డింగో, డూప్లికేటో వేయించుకుంటాడు. అతన్నీ, కావాలని అరలు పీకించినవాణ్ణీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు.

ఇక సైలెన్సర్ మార్చినా మోత పోని బండ్లున్నాయి. తప్పు ఇంజన్ హెడ్డు దగ్గర బెండు పైపు కూర్చునే చోట ఉంటుంది. అక్కడ ఉండే చిన్న రింగు గ్యాస్కెట్‌ను, అంటే మెకానిక్కులు ప్యాకింగ్ అనేదాన్ని, ఒకసారి నొక్కుకున్నాక మళ్లీ వాడకూడదు. పాతదే పెట్టి బిగిస్తే సందులోంచి పొగ కారి చుట్టూ మసి పడుతుంది, ఇంజన్ టికటికమంటుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు పటపటలాడుతుంది. ఆక్సిజన్ సెన్సార్ ఉన్న బండిలో ఆ సందు గుండా బయటి గాలి చొరబడి సెన్సార్ లెక్క తప్పుతుంది. ఆ రింగు మార్చాలంటే ఇంజన్ చల్లారాక బెండు పైపు విప్పాలి. నట్లకు ముందే నూనె పట్టించకపోతే స్టడ్డు విరిగి, పని లేతు మిషను దాకా పోతుంది. హెడ్డు పోర్టులో అంటుకున్న పాత రింగు పూర్తిగా తీయాలి; దాని మీదే కొత్తది పెట్టేవాళ్లూ ఉన్నారు. ముందు నట్లు, సైలెన్సర్ వెనక బోల్టు చేత్తో ఎక్కించి, ముందువి ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించి, వెనకది ఆఖర్న బిగించాలి.

పాత బండ్ల ప్యాకింగులో రాతినార (ఆస్బెస్టాస్) ఉండొచ్చు. పక్క జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు తవ్విన ఖనిజమే అది. దాని ధూళి క్యాన్సర్ కారకం. పొడిగా గీకి నోటితో ఊదకుండా, తడిపి తుడవాలి.

అందుకే ఈ కరపత్రం కోరేది రోలర్ తర్వాతి పని. పట్టుకున్న బండిని జరిమానా రసీదుతోనే వదలకుండా, సరైన సైలెన్సర్, కొత్త ప్యాకింగ్ బిగించాకే రోడ్డెక్కనివ్వాలి. తుప్పుతో పాడైన బండికి జరిమానా బదులు గడువివ్వాలి. రవాణా శాఖ, ఐటీఐలు కలిసి అనంతపురం, గుంతకల్లు, కళ్యాణదుర్గం, తాడిపత్రిల్లో బిగింపు శిబిరాలు పెట్టాలి. కూలి ఖర్చు తగ్గుతుంది, విద్యార్థులకు చేతిపనీ వస్తుంది. మెకానిక్కులు అరలు పీకే పని ఒప్పుకోకూడదు, ప్యాకింగ్ మార్చినట్టు బిల్లులో రాయాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ తనిఖీలో ఇప్పుడు పొగనే కొలుస్తున్నారు, శబ్దాన్ని కొలవడం లేదు. ఆ కేంద్రాల్లోనే హెడ్డు దగ్గర లీకు చూసి, డెసిబెల్ మీటరు పెట్టి కొలిచి, పొగ, శబ్దం అంకెలు రెండూ అదే కాగితం మీద అచ్చువేయాలి.