మిరపబస్తాకు చిరునామా

మాఘ ఫాల్గుణములు వచ్చుసరికి గుంటూరు మిర్చియార్డుకు పోవు దారులన్నియు ఎఱ్ఱబారును. పల్నాటి నుండియు, ప్రకాశము జిల్లా నుండియు, కృష్ణకు ఆవలి తెలంగాణ మండలముల నుండియు వచ్చిన టిక్కీలలో, అనగా మిరపబస్తాలలో, ఆనాటి ధరకు అమ్ముడుపోయినవి పోగా, ధర పెరుగునను ఆశతో రైతులు నిలువ ఉంచదలచిన సరకు నగరము చుట్టును వెలసిన కోల్డ్ స్టోరేజీలకు చేరును. వైశాఖపుటెండలో వెలిసిపోవలసిన కాయ ఆ చల్లని గదులలో నెలల తరబడి తన రంగును ఘాటును నిలుపుకొని, బయటికి వచ్చిననాడు ‘ఏసీ సరకు’ అను పేర వేఱుగ ధర పలుకును. ఆరుగాలము శ్రమించిన ఒక కుటుంబము యొక్క సంవత్సరాదాయము ఇట్లు తన కంటికి కనబడని చోట, పరుల లెక్కలపైని నమ్మకముతో పడియుండును. కనుకనే ఆ లెక్కలు ఎవరి యొద్ద, ఏ రూపమున ఉండవలెనను ప్రశ్న నాకు కేవలము వ్యాపారనిర్వహణకు సంబంధించినదిగ తోచదు.

రైతుపేర వెలువడునది బాండు అని పిలువబడు ఒక కాగితము. దానిపై పేరు, లాటు సంఖ్య, టిక్కీల లెక్క, తేదీ ఉండును. సరకు ఏ గదిలో, ఏ అంతస్తున ఉన్నదో రిజిస్టరు చెప్పగలదు గాని, ఆ అంతస్తున ఏ వరుసలో, దేని వెనుక, ఎన్ని టిక్కీల క్రింద ఉన్నదో చెప్పవలసినవాడు హమాలీల ముఠా మేస్త్రియే. వేలకొలది మూటల నడుమ, మసక వెలుగున, గోనెపై చెరగనారంభించిన సిరాగుర్తును చూచి ఇది ఫలానా ఊరి ఫలానావారి తేజ రకపు మిర్చి అని పోల్చుకొను ఆ మేస్త్రుల ధారణాశక్తికి నేను నమస్కరించుదును. అయినను అంత సంపదను ఒక మనుష్యుని జ్ఞాపకముపై నిలుపుట ఆ మనుష్యునికి సైతము న్యాయము కాదు. అతడు జబ్బుపడిననాడు శాంపిలు చూడవచ్చిన కొనుగోలుదారుడు పూటంతయు వేచియుండును. ఇరువది టిక్కీల కొఱకు నూరు టిక్కీలు కదల్చవలసి వచ్చును. కదల్చినకొలది కాయ చిట్లి, తొడిమ ఊడి, గింజ రాలి విలువ తగ్గును. తెఱచిన తలుపుగుండ చల్లదనము పోయి విద్యుత్తు వ్యయము పెరుగును. ఈ నష్టమును ఏ ఖాతాలోను ఎవరును వ్రాయరు గనుక అది ఎవరికిని కనబడదు.

గోదాముల నిర్వహణకై నేడు లభించుచున్న సాఫ్ట్‌వేర్ చేయు మొదటి ఉపకారము ప్రతి మూటకు ఒక చిరునామా నిచ్చుట. గది, అంతస్తు, వరుస, గూడు అను క్రమమున గిడ్డంగిలోని ప్రతి స్థలమునకు ఒక సంఖ్య యుండును. కాటాపై నిలిచిన టిక్కీ బరువు చేతివ్రాతతో పనిలేకుండ నేరుగ లెక్కలోనికి పోవును. అప్పటికప్పుడు ముద్రితమైన బార్‌కోడ్ చీటీ దానికి తగిలింపబడును. హమాలీ దానిని దింపి, చీటీని, గూటి సంఖ్యను ఒకదాని వెంట నొకటి స్కానర్‌కు చూపినంతనే, ఆ టిక్కీ ఎవరిదో, ఎప్పుడు వచ్చినదో, ఎంత తూగినదో, ఎక్కడ నున్నదో, నేటివఱకు దానిపై ఎంత అద్దె పడినదో అడిగిన క్షణమున తెలియును. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, ట్రాయ్ పట్టణపు దుకాణములో, ఒక చూయింగ్ గమ్ పొట్లముపై యంత్రము చదివిన ఆ నల్లగీతలు ఏబదియేండ్లకు మన మిరపగోనెకును అక్కరకు రాగలిగినవి.

ఇట్టి లెక్కలు పెద్ద కంపెనీలకు ఇదివఱకే కలవు; సొంత సర్వరు గదులను, వానిని కాచుకొను ఇంజనీర్లను పోషింపగలవారికి మాత్రమే అవి సాధ్యమైనవి. క్లౌడ్ అను విధానము ఆ భారమును తొలగించినది. పేరున మేఘమే గాని అది ఆకాశమున లేదు. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదు ప్రాంతమున ప్రారంభించిన కేంద్రముల వంటి మహాభవనములలో, రేయింబవళ్ళు చల్లబఱచబడుచున్న యంత్రములలో ఉన్నది. మిరపను కాచునది చల్లదనము, లెక్కలను కాచునదియు చల్లదనమే! ఆ యంత్రముల శక్తిని, వానిపై నడచు సాఫ్ట్‌వేర్‌ను గిడ్డంగి యజమాని నెలవారీ అద్దెకు తీసికొనును. సరకు దింపు మూడునాలుగు నెలలలో పదిమంది గుమాస్తాలు ఒక్కసారి లెక్క వ్రాయవలసివచ్చి, వానకాలమున ఇద్దరికి మించి పనిలేని మిర్చివ్యాపారమునకు, వాడుకను బట్టి హెచ్చుతగ్గులు చేసికొనదగిన ఇట్టి అద్దెపద్ధతి ఎంత తగినదో వేఱుగ చెప్పనక్కరలేదు. మఱియు గుంటూరు పరిసరముల శీతల గిడ్డంగులు అగ్నిప్రమాదములకు లోనైన సందర్భములు కలవు. సరకుతోపాటు రిజిస్టరు కూడ కాలిపోయినచో ఎవరికెంత పరిహారము రావలెనో తేల్చుట ఎట్లు? దూరమున భద్రమైన లెక్క ఆనాడు రైతుకు సాక్షి యగును.

వీనియన్నిటికంటె నాకు ముఖ్యముగ తోచునది పరపతి విషయము. ధర లేనినాడు అమ్మక ఆగవలెనన్నచో రైతు చేతిలో డబ్బుండవలెను. నిలువ సరకును తాకట్టుగ చూపి అప్పు తెచ్చుకొనుట అందులకు మార్గము. ఒకే సరకుపై ఇరువురియొద్ద అప్పు పుట్టుట, తాకట్టులోని సరకు బ్యాంకుకు తెలియకుండ తరలిపోవుట అను రెండు భయములు బ్యాంకులను చిరకాలము వెనుకాడజేసినవి. గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టము 2007లో వచ్చి, 2010లో అమలై, 2017లో కాగితపు రసీదులకు మాఱుగ ఎలక్ట్రానిక్ రసీదులు ఏర్పడినవి. రిజిస్టరైన గిడ్డంగి ఇచ్చిన అట్టి రసీదుపై బ్యాంకు తన హక్కును నమోదు చేసినచో, అప్పు తీరువఱకు ఆ సరకు చేతులు మాఱజాలదు. కాని ఆ రసీదుకు ఆధారము గిడ్డంగిలోపలి లెక్కయే గదా! లోపల నలిగిన పుస్తకమును, వెలుపల ఎలక్ట్రానిక్ రసీదును ఉంచుకొన్నచో, పునాది లేని గోడపై మేడ కట్టినట్లుండును.

ఇట్టి లెక్క మిరపకే కాదు; మందుల గోదాములలో దాని అవసరము ప్రాణములతో ముడిపడినది. అచ్చట ముందు వచ్చినది ముందు పోవుట చాలదు. ముందు గడువు తీరునది ముందు పోవలెను. 2023 ఆగస్టు 1 నుండి 300 ఔషధ బ్రాండ్లపై క్యూఆర్ కోడ్ తప్పనిసరియైనది. ఆ కోడ్‌లోని బ్యాచి సంఖ్యను లెక్కలోనికెక్కించు గోదాము, దోషము బయటపడిన బ్యాచి ఏ ఏ దుకాణములకు పోయినదో నిమిషములలో చెప్పగలదు.

అయితే ఈ సాఫ్ట్‌వేర్‌కును హద్దులు కలవు. మిర్చి గిడ్డంగిలో తాలుకాయల మూటను మేలురకమని నమోదు చేసినచో సాఫ్ట్‌వేర్ దానిని మేలురకమనియే చెప్పుచుండును. నాణ్యతను చూచు కన్ను మనుష్యునిదే. మందపుగోడల శీతల గదులలో ఇంటర్నెట్ అందదు గనుక, స్కానర్ తాను చదివినదానిని దాచియుంచి బయటికి వచ్చిన పిదప పంపగలదై యుండవలెను. ఒప్పందము ముగిసిననాడు తన లెక్కలన్నియు వాడుకొనదగిన రూపమున తిరిగి రావలెనని యజమాని మొదటనే వ్రాయించుకొనవలెను. ఈ మూడింటిని విచారింపక సంతకము చేయుట క్షేమము కాదు.

నేను గట్టిగ కోరునది మఱియొకటి కలదు. ఈ లెక్క యజమాని తెరపైననే నిలిచిపోరాదు. బాండు రైతుయొద్ద గాక కమీషన్ ఏజెంటు బీరువాలో ఉండుటయు కద్దు. టిక్కీ గూటికి చేరినప్పుడు, శాంపిలు తీసినప్పుడు, గేటు దాటినప్పుడు, స్మార్ట్‌ఫోను లేని రైతు సైతము చదువగలుగునట్లు తేటతెలుగున ఒక సందేశము అతని ఫోనుకు పోవలెను. అద్దె చెల్లించువాడు అతడు, సరకు అతనిది, దాని జాడ తెలిసికొనుట అతనికి హక్కు. అట్లే మొదటి స్కానర్ మేస్త్రి చేతికే రావలెను. అతని ఎఱుకను లెక్కలోని కెక్కించుకొనక అతనిని ప్రక్కకు నెట్టిన గిడ్డంగి, తన కన్నును తానే పొడుచుకొన్నదగును. రాబోవు మాఘమునకు ముందు, గదులు ఖాళీయగు రోజులలో, ఒక రంగుడబ్బాతో ప్రతి గూటికి సంఖ్య వేయించుటతో ఈ పని ఆరంభము కావచ్చును. అందులకు ఏ కంపెనీతోను ఒప్పందము అక్కరలేదు. ఏ గూటికి ఏ సంఖ్య యుండవలెనో చెప్పుటకు ఆ మేస్త్రియే చాలును.