బళ్లారి జిల్లాధికారివారికి బహిరంగ లేఖ

అయ్యా,

తుంగభద్రాతీరమున, సిరుగుప్ప తాలూకాలోని మా కెంచనగుడ్డవంటి గ్రామమునందు అంధుడుగనో బధిరుడుగనో జనించినవాడు తనవంటి మఱియొకని నెఱుగక, ఇరుగుపొరుగుల జాలిమాటలే వినుచు, తన బ్రతుకు తన యింటివారికే భారమని నమ్ముచు పెరుగుట సామాన్యము. అట్టి యంధుడు నేడు చేతిఫోనులోని టాక్‌బ్యాక్ అను తెరపఠన సాధనము చదివి వినిపింపగా, కర్నూలులోనో హైదరాబాదులోనో నున్న తోటి యంధులతో పరీక్షలను, ఉద్యోగములను, వివాహములను గూర్చి సైతము తెలుగున చర్చించుచున్నాడు. బధిర యువతులు వీడియో పిలుపులలో చేతులతోనే మనసు విప్పి సంభాషించుచున్నారు. (వినలేనివారికి టెలిఫోను తరతరములు నిరుపయోగమై యుండెనని తలచినచో, ఈ మార్పెంతటిదో తమకు గోచరింపగలదు.) దయను స్వీకరించుటకే అలవడినవాడు ఆ చర్చలయందు ఇతరులకు సలహా నొసగువాడగుచున్నాడు. ఇంతకుమించిన చికిత్సను నేనెఱుగను.

అయినను ఫోను కొనలేనివారికి, కొన్నను నేర్పువారు లేనివారికి, ఆ సాంగత్యము దుర్లభము. సమాచార సాధనములు అందఱికి అందుబాటులో నుండవలెనని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టపు 42వ సెక్షను విధించుచున్నది. డిజిటల్ సేవలను పొందగలుగుట రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవనహక్కున అంతర్భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు నిర్ణయించినది.

కావున గ్రామ పంచాయతి గ్రంథాలయములయందు, ఉచితముగా లభించు ఎన్.వి.డి.ఎ. తెరపఠన సాధనమును కన్నడముతోపాటు మా యింటిభాషయైన తెలుగునను పలుకునట్లు కంప్యూటరున అమర్పింపుడు. సైగలభాష నెఱిగిన శిక్షకుని నెలకొక పర్యాయమైనను పంపింపుడు. నడువలేనివారి చక్రాలకుర్చీయు లోనికి పోవునట్లు ఆ గ్రంథాలయముల వాకిట వాలుదారిని మాత్రము అన్నిటికంటె ముందుగా కట్టింప ప్రార్థన.

ఇట్లు,
కెంచనగుడ్డ గ్రామస్థుడు