ఇసుక లెక్కలో లేని ఆడవాళ్లు

రేవును లోతు చేయడం, తీరాన్ని పునరుద్ధరించడం. ఈ రెండు మాటలూ ఇప్పుడు జంటగా వినబడుతున్నాయి. సముద్రం అడుగున పేరుకున్న ఇసుకను డ్రెడ్జరుతో తవ్వి తీస్తారు, ఓడలకూ పడవలకూ దారి అవుతుంది; ఆ తవ్విన ఇసుకనే కోసుకుపోయిన ఒడ్డున పోస్తారు, బీచ్ తిరిగి వస్తుంది. కాగితం మీద ఇంతకన్నా చక్కటి ఏర్పాటు ఉండదు. అనుమతి ఇచ్చేవాళ్లకు అభ్యంతరం కనబడదు, పత్రికలకు మంచి ఫోటో దొరుకుతుంది, నగరవాసులకు సాయంత్రం నడవడానికి ఇసుక దొరుకుతుంది.

స్త్రీల హక్కుల పత్రికకు డ్రెడ్జింగుతో ఏం పని అని మన పాఠకుల్లో కొందరు అడగవచ్చు. పని ఉంది. ఆ ఒడ్డున చేపలు దించుకునేదీ, వేలం పాడేదీ, ఎండబెట్టేదీ, తట్టలో పెట్టుకుని ఊళ్లోకి మోసుకుపోయి అమ్మేదీ ఆడవాళ్లు. ఇసుక వాళ్లకు షికారు స్థలం కాదు, పనిస్థలం. అయితే తీరం మీద ఏ పనికి అనుమతి అడిగినా ఆ దరఖాస్తులో ఈ పనిస్థలం పేరు ఉండదు.

ముందు ఇసుక సంగతి చూద్దాం. మన తూర్పు తీరంలో ఇసుక నిలకడగా ఉండదు. నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి నెడతాయి, ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత వెనక్కి తెస్తాయి. ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ, అదీ లక్షల ఘనపు మీటర్లలో. ఈ ప్రవాహానికి అడ్డంగా సముద్రంలోకి రాతికట్ట కడితే ఇసుక దక్షిణం వైపు ఆగి పేరుకుంటుంది, ఉత్తరం వైపు ఒడ్డుకు రావలసింది రాక కోత మొదలవుతుంది. దీన్ని తెలుసుకోవడానికి పెద్ద శాస్త్రం చదవనక్కరలేదు. మద్రాసు రేవు పని 1876లో మొదలైంది. ఆ కట్టలకు దక్షిణాన ఇసుక పేరుకుని విశాలమైన ఒడ్డు ఏర్పడింది, 1884లో గవర్నరు గ్రాంట్ డఫ్ అక్కడి విహారపు బాటకు మెరీనా అని పేరు పెట్టాడు. ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు వైపు జాలర్ల పేటలు కోతకు గురయ్యాయి. లోకమంతా మెచ్చుకునే ఆ బీచ్ ఇసుకలో పొరుగు పేటల ఇసుక కూడా ఉందన్నమాట.

పుదుచ్చేరి కథ మరింత దగ్గరిది. అక్కడ 1980ల చివర రేవు కట్టలు కట్టారు. దక్షిణాన ఆగే ఇసుకను ఎప్పటికప్పుడు ఉత్తరానికి పంపు చేయాలన్న ఏర్పాటు మొదటి ప్రణాళికలోనే ఉంది. అది సరిగ్గా జరగలేదు. పట్నం ముందు ఉన్న బీచ్ పోయింది. రోడ్డును కాపాడడానికి బండరాళ్లు పేర్చారు, దానితో కోత ఉత్తరాన ఉన్న జాలరి గ్రామాలకు జరిగింది. చివరకు 2018లో నీటి అడుగున ఒక అడ్డుకట్ట దించి, ఇసుక పోసి, పట్నం ముందు కొంత ఒడ్డును తిరిగి రాబట్టారు. ముప్పై ఏళ్లు పట్టింది. ఈ ముప్పై ఏళ్లలో వల లాగే చోటు పోయినవాళ్లకు, చేపలెండబెట్టే చోటు పోయినవాళ్లకు ఏ పునరుద్ధరణ జరిగిందో ఏ నివేదికలో వెతకాలి?

మన విశాఖపట్నం ఈ విషయంలో కొంత నయమే అనాలి. 1933లో మొదలైన రేవుకు 1970లలో బయటి హార్బరు చేరింది. కట్టల దగ్గర ఆగే ఇసుకను డ్రెడ్జరుతో తీసి ఆర్.కె. బీచ్ వైపు పోసే పని ఏళ్ల తరబడి సాగుతోంది. దేశంలో డ్రెడ్జింగు చేసే ప్రధాన సంస్థ, 1976లో ఏర్పడిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్, ప్రధాన కార్యాలయం కూడా విశాఖలోనే. అయినా 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఆ ఒడ్డు ఎంత బలహీనమైనదో అందరం చూశాం. ఇక కాకినాడ దాటితే ఉప్పాడ. ఇళ్లు, కొబ్బరిచెట్లు, రోడ్డు ఒకదాని తర్వాత ఒకటి సముద్రంలో కలుస్తుంటే జియోట్యూబు గోడ వేశారు, రాళ్లు పోశారు. తుఫాను వచ్చినప్పుడల్లా అవీ దెబ్బతింటున్నాయి. 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలతో జరిపిన జాతీయ పరిశీలనలో దేశపు తీరంలో దాదాపు మూడో వంతు కోతలో ఉందని తేలింది. కాబట్టి తీరాన్ని పునరుద్ధరించవద్దని ఎవరూ అనరు. నేనూ అనను. రాతిగోడ కన్నా ఇసుక పోయడం వెయ్యి రెట్లు మేలు. రాతిగోడ రోడ్డును కాపాడుతుంది, ఒడ్డును చంపుతుంది. దాని మీదికి తెప్ప ఎక్కదు, దాని మీద నెత్తళ్లు ఎండవు. ఇసుక పోస్తే ఒడ్డు కనీసం ఒడ్డుగా మిగులుతుంది.

కానీ ఎక్కడ పోస్తారు, ఎప్పుడు పోస్తారు, ఎలాంటి ఇసుక పోస్తారు అన్నవి ఇంజనీర్ల ప్రశ్నలు మాత్రమే కావు. సముద్రం నెమ్మదిగా ఉండే నెలల్లోనే డ్రెడ్జరుకు పని సుఖం. ఎండ బాగా కాసి చేపలెండేదీ ఆ నెలల్లోనే. ఒడ్డు పొడుగునా పైపులు వేసి, బురద నీళ్లతో కలిసిన ఇసుకను కొడుతుంటే అక్కడ కవళ్లు ఆరబోసేదెవరు? అలివి వల లాగేదెలా? రేవు అడుగున తీసిన దానిలో సన్నని ఒండ్రు ఎక్కువగా ఉంటే అది ఒడ్డున నిలవదు, ఒకటి రెండు వానాకాలాల్లో కొట్టుకుపోతుంది. పైగా రేవు అడుగు మట్టిలో నూనె, బొగ్గు, ఖనిజపు పొడి ఉండే అవకాశం ఉంటుంది, పరీక్షించకుండా పోస్తే దాని మీదే మన తిండి ఆరుతుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం సంగతి నివేదికల్లో తప్పకుండా ఉంటుంది, ఉండాలి కూడా. చేపలెండే కాలం సంగతి ఉండదు. తాబేలుకు ఉన్న పట్టిక ఆడమనిషికి లేకపోవడం నాకు కొరుకుడు పడదు.

చట్టంలో మాట్లాడే చోటు లేదా? ఉంది. దాన్ని మనం సరిగ్గా వాడుకోవడం లేదు. సి.ఆర్.జెడ్. అని మనమందరం పిలుచుకునే తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ మొదట 1991లో వచ్చింది. 1996లో రొయ్యల చెరువుల కేసులో సుప్రీంకోర్టు తీర్పుకు ఆధారమైనది అదే. తర్వాత 2011లో ఒకసారి, 2019లో మరోసారి దాన్ని తిరగరాశారు. ప్రతిసారీ తీరం మీద కట్టడాలకు వెసులుబాటు పెరిగింది. 2019 నోటిఫికేషన్‌లో జనసాంద్రత ఎక్కువగా ఉన్న గ్రామీణ తీరాల్లో కట్టడాలు నిషేధించిన మేర 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గింది. రేవులు, కట్టలు, డ్రెడ్జింగు అయితే 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కిందికి కూడా వస్తాయి. బహిరంగ విచారణ అనేది అందులోనిది. మన ప్రభుత్వం దానికి పెట్టిన తెలుగు పేరు ప్రజాభిప్రాయ సేకరణ. పన్నులు వసూలు చేసినట్టు అభిప్రాయాలు సేకరిస్తారు కాబోలు.

కొన్నేళ్ల క్రితం మన కోస్తాలోనే ఒక రేవు విస్తరణ మీద జరిగిన అలాంటి విచారణకు మా సంఘం తరఫున వెళ్లాను. ఉదయం పదకొండు గంటలకు పెట్టారు. పడవలు తెల్లవారుజామున వస్తాయి, వేలం అయ్యేసరికి ఎండెక్కుతుంది, పదకొండు గంటలకు ఆడవాళ్లు తట్టలతో వీధుల్లో ఉంటారు. వచ్చిన పాతిక ముప్పై మంది ఆ రోజు బేరం వదులుకుని వచ్చినవాళ్లు. ముందు వరస కుర్చీలు నాయకులవి, తర్వాతవి కుర్రవాళ్లవి, షామియానా నీడ దాటాక ఆడవాళ్లు. పడవలకు పరిహారమెంత, కుర్రాళ్లకు ఉద్యోగాలెన్ని అన్న రెండు విషయాల మీదే రెండు గంటలు గడిచాయి. ఎట్టకేలకు ఒక పెద్దావిడ మైకు పట్టుకుని, పైపులు వేసే చోట తామందరం చేపలెండబెట్టుకుంటామనీ, అక్కడి నుంచి లేవమంటే ఎక్కడికి పోవాలో చెప్పమనీ అడిగింది. రాసుకునే ఆయన దాన్ని ‘జీవనోపాధి గురించి మాట్లాడారు’ అని రాసుకున్నాడు.

నిబంధనల్లో ఒక సంగతి ఉంది, అది అప్పుడు అక్కరకు వచ్చింది. విచారణ ముగిసే ముందు నమోదు చేసిన అంశాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. అప్పటికే కుర్చీలు సర్దుతున్నారు. మేము నలుగురం లేచి చదవమని పట్టుబట్టాం. చదివారు. ఆ ఒక్క వాక్యం విని పెద్దావిడ, నేనడిగింది అది కాదన్నది. మళ్లీ రాయించాం. స్థలం పేరు, ఎంతమంది, ఏ నెలలు, అన్నీ. నివేదికతో పాటు ఆ కాగితం ఢిల్లీ దాకా పోయింది. అనుమతి షరతుల్లో దాని గురించి ఒక్క వాక్యం వచ్చింది. తక్కువే, కానీ తర్వాత కలెక్టరాఫీసులో పట్టుకుని అడగడానికి ఆ వాక్యమే మిగిలింది.

అదే నోటిఫికేషన్‌లో ఇంకా కొన్ని ఉన్నాయి. విచారణకు కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పత్రికలు అందని చోట దండోరా వేయించి అయినా తెలపాలి. నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి. కలెక్టరు గానీ, అదనపు కలెక్టరుకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. మొత్తం వీడియో తీయాలి. అసలు నివేదిక, వందల పేజీలది, ఇంగ్లీషులోనే ఉంటుంది. మన సంఘాల్లో చదువుకున్న అమ్మాయిలు ఉన్నారు, ఆ పేజీలను పేటలో కూర్చుని చదివి చెప్పే పని వాళ్లది కావాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసిన చోటు మరొకటి. కొత్తగా లోతు తవ్వే పనికి అనుమతి కావాలి. తవ్వాక ఏటేటా పేరుకునేదాన్ని తీసే పనికి, అది మొదటి దరఖాస్తులో ఉండి అనుమతి పొందినదైతే, మళ్లీ అనుమతి అక్కరలేదు. వినడానికి సబబుగానే ఉంది. ఇంటికి ఒకసారి ప్లాను పాసయితే ఏటా సున్నం వేయడానికి ఎవరూ అడగరు కదా. కానీ ఇక్కడ ఏటా తీసేదీ, ఏటా పోసేదీ ఒక ఊరి ఇసుక. ఒక్కరోజు విచారణతో ఇరవై ముప్పై ఏళ్ల ఇసుక ఎటు పోవాలో తేలిపోతుంది. ఆ రోజు అమ్మకానికి పోయి రాలేకపోయిన మనిషికి మళ్లీ అడిగే రోజు లేదు. అందుకే ఏటా తీసిన ఇసుక ఎంత, ఎక్కడ పోశారు, దాని పరీక్ష ఫలితాలేమిటి అన్నది తెలుగులో పేటలో అంటించాలన్న షరతు మొదటి అనుమతిలోనే రాయించుకోవాలి. షరతుల అమలు మీద ఆరు నెలలకొకసారి నివేదిక ఇవ్వాలన్న నియమం ఎలాగూ ఉంది.

ఎవరు బాధితులు అన్న దగ్గరే అసలు చిక్కు. మన ప్రభుత్వాల లెక్కలో మత్స్యకారుడంటే వేటకు పోయేవాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలకూ ఇచ్చే భృతి 2019లో పదివేలయింది, 2025లో ఇరవై వేలయింది. అది పడవ మీద పోయేవారికి. ఆ రెండు నెలలూ తట్ట ఖాళీ అయిన మనిషికి ఏమీ లేదు. రేవు పనికి పరిహారం లెక్కగట్టేటప్పుడూ ఇదే జాబితా తిరగేస్తారు: పడవలెన్ని, ఇంజన్లెన్ని, వలలెన్ని. తట్టలెన్ని అని ఎవరూ రాసుకోరు. భర్త పోయి, పడవ లేక, వేలంలో కొని అమ్ముకుని బతికే ఒంటరి స్త్రీలు ప్రతి పేటలోనూ ఉన్నారు. ఏ జాబితాలోనూ వాళ్లు లేరు. మగవాళ్ల సంఘాల నాయకులు కూడా ఈ సంగతి తమంతట తాము ఎత్తుతారని నాకు నమ్మకం లేదు. అది వాళ్ల చెడ్డతనం కాదు, పడవకు నంబరుంది, తట్టకు లేదు.

జిల్లా స్థాయి తీర కమిటీలో కలెక్టరు కింద స్థానిక సంప్రదాయ తీర సమాజాల ప్రతినిధులు కనీసం ముగ్గురుండాలని నోటిఫికేషన్ చెబుతోంది. అందులో ఆడవాళ్లుండాలని రాయలేదు, ఉండకూడదనీ రాయలేదు. మీ జిల్లాలో ఆ ముగ్గురెవరో ఒక ఆర్.టి.ఐ. దరఖాస్తుతో తెలుసుకోండి. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. విహారపు పడవలకు, పర్యాటకానికి ఒడ్డు కావాలనే ఒత్తిడి ఇక పెరుగుతుందే తప్ప తగ్గదు. ఆ కమిటీలో చేపలమ్మే మనిషి ఒక్కరైనా కూర్చోవాలని ఇప్పుడే అడగాలి, పని మొదలయ్యాక కాదు.

అనుమతి వచ్చేశాక తెలిసినా దారి పూర్తిగా మూసుకుపోదు. అనుమతి సంగతి వెల్లడైన ముప్పై రోజుల్లోగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు చేయవచ్చు, తగిన కారణం చూపితే మరో అరవై రోజులు గడువు ఇస్తారు. మన రాష్ట్రాలకు చెన్నై బెంచి. తొంభై రోజులు దాటితే వినరు, ఆ తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి.

శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా తీరంలో పనిచేసే సంఘాలకు ఒక విన్నపం. మీ పేటలో చేపలు ఎండబెట్టే చోటు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఏయే నెలల్లో, ఎంతమంది, వేలంలో కొని అమ్మేవారెందరు, వారిలో ఒంటరి స్త్రీలెందరు, ఈ వివరాలు ఆడవాళ్లతోనే కూర్చుని ఒక కాగితం మీద రాయించండి. చేత్తో గీసిన పటమైనా చాలు. ఒక ప్రతి పంచాయతీకి, ఒకటి కలెక్టరుకు ఇచ్చి రసీదు తీసుకోండి, ఒకటి మాకు పంపండి. వచ్చిన వాటిని వచ్చే సంచికలో ఊరి పేరుతో అచ్చు వేస్తాం. మనుషుల పేర్లు వేయం.